బంతి ఎటు పోతుందో బాబాయికి తెలుసు

పదేళ్లుగా గోల్ఫ్ పుస్తకాలు చదువుతున్నాను, టోర్నమెంట్లు చూస్తున్నాను. కర్ర మాత్రం ఒక్కసారీ పట్టలేదు. అయినా మా జగ్గయ్యపేటలో ఆ ఆట నాకన్నా తెలిసినవాళ్లు లేరని ఈ మధ్యాహ్నం దాకా గట్టి నమ్మకం.

పత్తికి మందు కొనడానికి వత్సవాయి నుంచి వచ్చిన మా బాబాయి, తిరుగు బస్సుకు టైముందని మా ఇంట్లో కూర్చున్నాడు. టీవీలో ఒక ఆటగాడు గొంతుక్కూర్చుని గడ్డి వాలు చూస్తున్నాడు. "బంతి ఎడమకి తిరిగి గుంటలో పడుద్ది," అన్నాను పెద్ద పండితుడిలా.

"కాదురా. అక్కడ నీళ్లు పెడితే కుడి పక్కకి పోతాయి," అన్నాడు బాబాయి.

"ఇది గోల్ఫ్ బాబాయ్, వరి మడి కాదు."

బంతి కుడికి తిరిగి గుంట పక్కనుంచి వెళ్లిపోయింది. ఆటగాడు తల పట్టుకున్నాడు.

"పాపం, ఎప్పుడూ మడికి నీళ్లు పెట్టినట్టు లేడు," అన్నాడు బాబాయి.

తర్వాత ఐదు బంతులూ ఆయన చెప్పినట్టే పోయాయి. మా ఆవిడ నన్ను దాటుకుని వెళ్లి ఆయనకి కాఫీ ఇచ్చి, "తర్వాతది ఎటండీ మావయ్యగారూ?" అని అడగడం మొదలుపెట్టింది.

బస్సు టైమైందని గుర్తుచేస్తే ఆయన పిన్నికి ఫోన్ చేశాడు. "ఇప్పుడు రాలేనే. ఇక్కడ ఒకాయన బంతి ఇసకలో పడింది. ఆయన్ని అట్టా వదిలేసి ఎట్టా వచ్చేది?"

ఆ తర్వాతి బస్సు కూడా పోయింది. నేను పక్కన కూర్చుని నోట్సు రాసుకుంటున్నాను. పిన్ని మళ్లీ ఫోన్ చేస్తోంది, ఏం చెప్పమంటారు?