పేరు తెలియని తీగను పీకనివ్వని దామన్న

నిన్న పొద్దున మా సండే వంట గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది.

దామన్న ఇక లేరని.

తప్పుగా చదివానేమో అని మళ్లీ చదివాను. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

ముందు రోజు సాయంత్రమే కదా నాకు ఫోన్ చేశారు! మీ యానాంలో గోంగూరలో వేసేది ఎండు రొయ్యలా, పచ్చి రొయ్యలా అని అడగడానికి. పచ్చివే అన్నాను. "ఏందికి?" అన్నారు. అమ్మను కనుక్కుని చెప్తానన్నాను.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. దామన్న అంటే వి. దామోదరం. పుదుచ్చేరి బజార్లో స్టీలు సామాన్ల షాపు ఆయనది. తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం. షాపు కొడుక్కి అప్పగించాక, కిరుమాంబాక్కంలో తనకున్న కాస్త నేలలో కూరగాయలు వేయడం మొదలుపెట్టారు. ఇష్టమున్న వాళ్లు ఎవరైనా వెళ్లి పని చేయొచ్చు. ఆదివారం ఉప్పళంలో, ఆయన గోడౌన్ వెనక షెడ్డులో వంట. మధ్యాహ్నం ఎవరైనా వచ్చి తినొచ్చు. మేమూ వాళ్ల పక్కనే కూర్చుని తింటాం.

నేను ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన కొత్తలో ఒకసారి మార్కెట్లో ఆకుకూర కట్ట పట్టుకుని నిలబడి అమ్మతో ఫోన్లో మాట్లాడుతున్నాను. పక్కనుంచి ఒక గొంతు.

"ఏమ్మా, ఏ ఊరు మీది? ఆ ఆకు యాడ దొరికె? దాన్ని ఎట్ల చేస్తారు మీరు?"

నా పేరు అడగలేదు. ఉద్యోగం అడగలేదు. ఆ ఆదివారానికే నేను షెడ్డులో కూర్చుని వంకాయలు తరుగుతున్నాను.

అన్నీ తెలుసుకోవాలి ఆయనకి.

ఒక ఏడాది తోటలో బీరపాదు పందిరి కింద ఏదో తీగ మొలిచింది. మాలో ఎవరూ వేయలేదు. చిక్కుడులా ఉంది కానీ చిక్కుడు కాదు. నెలలు గడిచినా ఆకులే, పూత లేదు. పందిరంతా అల్లుకుని బీరని తొక్కేస్తోంది. పీకేద్దాం అన్నాం అందరం.

"ఏందో తెలీకుండా ఎట్ల పీకేది? కొంచెం ఉండనీ. చూద్దాం."

ఫొటో తీసుకుని కనబడిన వాళ్లందరికీ చూపించారు. బస్ కండక్టర్‌కి, పూలమ్మే ఆవిడకి, కాలాపేట యూనివర్సిటీ నుంచి వచ్చే స్టూడెంట్స్‌కి. ఫోన్ యాప్ ఒక్కో ఫొటోకి ఒక్కో పేరు చెప్పింది.

వానలు పడ్డాక లేత నీలం పూలు వచ్చాయి. తర్వాత కాయలు. పొడుగ్గా, నాలుగు వైపులా రెక్కల్లాంటి అంచులతో. తినొచ్చో లేదో కూడా తెలియదు మాకు.

ఆయన వాటిని సంచిలో వేసుకుని ఉప్పళంలో ఇంటింటికీ బయల్దేరారు. నేనూ వెంట వెళ్లాను.

షెడ్డు ఉన్న వీధి చివర ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేది. సైగాన్‌లో పుట్టింది. నాన్న తమిళుడు, అమ్మ వియత్నాం మనిషి. చిన్నప్పుడే ఇక్కడికి వచ్చేశారట. వీధంతా ఆవిడని సైగాన్ పాటి అంటుంది. పాటి అంటే తమిళంలో అవ్వ. తోడుగా ఉన్న చెల్లెలు చనిపోయాక ఆవిడకి తిండి మీద ధ్యాస పోయింది. మేం పంపే క్యారియర్ దాదాపు అలాగే తిరిగొచ్చేది. మనిషి చిక్కి సగమైంది. "ఏం తినాలనుంది పాటీ?" అని దామన్న ప్రతి వారం అడిగేవారు. "ఏదైనా సరే" అనేది.

ఆ రోజు ఆవిడ కాయ చేతిలోకి తీసుకుంది. విరిచింది. వాసన చూసింది. మేం వద్దనేలోపు కొరికేసింది.

"ఎక్కడ కాసింది ఇది?" అంది తమిళంలో. "మా అమ్మ పెరట్లో ఉండేది. మా చెల్లి పచ్చివే తినేసేది."

చెల్లెలి గురించి ఆవిడ మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి.

దామన్న గుమ్మం దగ్గరే కింద కూలబడ్డారు. ఎలా వండేవాళ్లు? ఏ నూనె? చెల్లెలికి ఇంకా ఏం ఇష్టం? ఆయన అడుగుతూనే ఉన్నారు, ఆవిడ చెబుతూనే ఉంది.

తర్వాతి ఆదివారం పాటి షెడ్డుకి వచ్చింది. కాయలు ఏటవాలుగా తరిగి, వెల్లుల్లి వేసి, పెద్ద మంట మీద గబగబా వేయించింది.

"ఇంకా పచ్చిగా ఉండాది పాటీ, కొంచెం ఉడకనీ" అన్నారు దామన్న.

"నీకేం తెలుసు, తప్పుకో" అని ఆయన చేతిలో గరిటె లాక్కుంది.

ఆయన నవ్వుతూ పక్కకి జరిగారు. కానీ మెడ సాచి మూకుడులోకి చూడటం మానలేదు. ఆ రోజు పాటి మా అందరితో కూర్చుని కడుపునిండా తింది. మారు అడిగింది. అప్పటినుంచి ఏ ఆదివారమూ మానలేదు.

ఆ గింజ మా తోటలోకి ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. పిట్ట పడేసిందా? ఎరువులో వచ్చిందా? దామన్న మాత్రం అడగడం ఆపలేదు.

నిన్న సాయంత్రం అంత్యక్రియలు అయిపోయాయి.

ఇవాళ ఆదివారం. వండాలా వద్దా అని గ్రూప్‌లో ఎవరికీ అడిగే ధైర్యం లేదు. పొద్దున్నే ఆయన భార్య సరోజక్కే ఫోన్ చేసింది.

"ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు కదమ్మా. చుట్టాలు నిండా ఉండారు. మీరే వండి తీసుకురాండి. వీధికీ పెట్టండి. ఆపొద్దు."

తోటకెళ్లి కోసుకొచ్చాం. వండాం. కుర్చీ వేసినా పాటి కూర్చోలేదు, పొయ్యి దగ్గరే నిలబడింది. వీధిలో అందరికీ పెట్టాక, ఇన్నేళ్లూ మాకు అన్నం పెట్టిన ఇంటికి మేం క్యారియర్లు మోసుకెళ్లాం.

సరోజక్క ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. "ఉప్పు సరిపోయింది" అంది. అప్పుడు ఏడ్చింది.

దామన్నకి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. నేను ఏ పోస్ట్ పెట్టినా ఫోన్ చేసి "చదువమ్మా, విందాం" అనేవారు.

ఇది కూడా గట్టిగా చదివాకే పోస్ట్ చేస్తున్నాను.

సెలవు దామన్నా. హాయిగా విశ్రాంతి తీసుకోండి. సరోజక్క మనసుకు నెమ్మది దొరకాలి.