మూటలో నూరో వంతు

మా గదిలో మెస్ డబ్బులు ఉండే రేకు డబ్బాకు తాళం ఉండేది కాదు. ఎవరెంత వేశారో రాసే పుస్తకమూ ఉండేది కాదు. ఆ రెండింటి బదులు నేనుండేవాణ్ని.

పని కోసం వచ్చిన అరబ్బు దేశంలో, ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో ఎనిమిది మందిమి ఒకే గదిలో ఉండి, కలిసి వండుకునేవాళ్ళం. జీతాలు పడగానే అందరూ డబ్బాలో వేసేవారు. నెలలో చివరి శుక్రవారం సాయంత్రం గేటు పక్క కిరాణా కొట్టుకు నేను కట్టి వచ్చేవాణ్ని. నా చదువు మూడో తరగతితో ఆగింది. కానీ ఎవడు ఏ నెలలో దిగాడో, ఏజెంటుకు ఎంత పోశాడో, విమానంలో ఇచ్చిన అన్నం తిన్నాడా వదిలేశాడా, అన్నీ నాకు గుర్తే. డ్యూటీ నుంచి వచ్చి అన్నాలు తిన్నాక వాళ్ళ ఊళ్ళ సంగతులు వాళ్ళకే కథలుగా చెప్పేవాణ్ని. పై మంచాల నుంచి, కింది మంచాల నుంచి ఊ కొట్టేవారు. ఊ ఆగిందంటే ఆ మంచం నిద్రపోయిందని తెలిసేది.

ఈ జ్ఞాపకానికి ఎవరూ ఎప్పుడూ ఒక్క రియాల్ ఇవ్వలేదు. ఆ కొరత నాలో ఉన్నట్టు నాకే తెలియదు. తెలియజేసినవాడు మా కంపెనీలో హాజరు రాసే టైమ్ కీపర్.

ఆయనది గోదావరి వైపు. అక్కడ సెలవు రోజైన శుక్రవారం పొద్దున చర్చికి వెళ్ళి, మధ్యాహ్నం మా గదికి చింతపులుసు కోసం వచ్చేవాడు. ఒకరోజు మావాళ్ళు రమ్మీ ఆడుతుంటే, పడిన ముక్కలన్నీ వరసగా నేను అప్పజెప్పడం విన్నాడు.

"ఏమండీ, ఈ బుర్ర పెట్టుకుని మీరు ఇటుకలు మోస్తున్నారా?"

"ఇటుకలు మోయనీకి బుర్ర అడ్డమొస్తదా సారూ?" అన్నాను. అందరూ నవ్వారు.

ఆ రోజునుంచే ఇరవై ఒకటి ఆటలో ముక్కలు లెక్కపెట్టడం నేర్పాడు. బ్లాక్‌జాక్ అంటారట దాన్ని. ముక్కల మొత్తం ఇరవై ఒకటి దాటకుండా, పంచేవాడికంటే ఎక్కువ తెచ్చుకోవాలి; బొమ్మ కూడా పది కిందే లెక్క. చిన్న ముక్క, అంటే రెండు నుంచి ఆరు దాకా ఏది పడినా మనసులో ఒకటి కలుపుకోవాలి. పదిగానీ బొమ్మగానీ ఆసుగానీ పడితే ఒకటి తీసెయ్యాలి. లెక్క పైకి పోయిందంటే కట్టలో పెద్ద ముక్కలు మిగిలాయని అర్థం. అప్పుడే మనకు అనుకూలం, అప్పుడే పందెం పెంచాలి.

"చర్చికి పొయ్యొచ్చి నాకు పేకాట నేర్పుతున్నరు, దేవుడు ఏమనడా?" అన్నాను.

"నేర్పేది లెక్కండీ, ఆట కాదు. నేనెప్పుడూ ఆడలేదు, ఆడను."

డబ్బుకు బదులు గుగ్గిళ్ళ కోసం నానబెట్టిన శనగలు వాడాం. గిన్నెలో వంద గింజలు పోసి, ఇదీ మీ మూట అన్నాడు. మామూలుగా ఒక గింజే పెట్టాలి. లెక్క బాగుంటే రెండు, ఇంకా బాగుంటే నాలుగు. అంతకు మించి ముట్టుకోకూడదు. నేనోసారి ఉత్సాహంగా ఇరవై గింజలు నెట్టబోతే చేతి మీద కొట్టాడు.

"లెక్క మీవైపు ఉన్నా దాదాపు సగం పందేలు ఓడిపోతారండీ. ఆ సగం తట్టుకోవడానికే మూట. పది రియాళ్ళ పందెమైతే వెయ్యి ఉండాలి, అదీ తక్కువే. ఇంకో మాట. అది ఎవరూ ఎదురుచూడని డబ్బు అయ్యుండాలి."

నాలుగైదు శుక్రవారాలు అలా ఆడాం. ఓడినా గెలిచినా సాయంత్రానికి మూట మొత్తం తాలింపు వేసుకుని తినేవాళ్ళం. ఒకసారి నా గిన్నెలో నూట ముప్పై ఒక్క గింజలున్నాయి. అవి తిన్న రుచి ఇప్పటికీ నాలుక మీదుంది.

క్యాంపు వెనక పాత స్టోరులో ఒక క్రేన్ ఆపరేటర్ శుక్రవారాలు ఇరవై ఒకటి నడిపేవాడు. మా జిల్లావాడే. రెండు కట్టలు కలిపి పంచేవాడు, చిన్న పందెం పది రియాళ్ళు. పట్టుబడితే జైలు, ఆ తర్వాత ఇంటికి విమానం. అది తెలిసీ జనం పోయేవారు.

నా దగ్గర సొంతంగా రెండు వందల అరవై ఉంది. నూరో వంతు నియమం ప్రకారం నేను ఆ గడప తొక్కకూడదు. కానీ నెల చివరి శుక్రవారం డబ్బా తెరిచి చూస్తే ఏడు వందల నలభై ఉంది. రెండూ కలిపితే సరిగ్గా వెయ్యి. ఒక రియాల్ ఎక్కువా లేదు, తక్కువా లేదు. అంత సరిగ్గా కుదరడం చూసి ఎవరో నాకోసమే పెట్టినట్టు అనిపించింది. తప్పు చేస్తున్నానని కాదు, నియమం పాటిస్తున్నానని అనుకుంటూ పోయాను. టైమ్ కీపర్ చెప్పిన రెండు మాటల్లో మొదటిది నిండా గుర్తుంది. రెండోదీ గుర్తుంది. నాకు ఏదీ మరుపు రాదు కదా, కావాలనే పక్కన పెట్టాను.

మధ్యాహ్నం తిండి అయ్యాక కూర్చున్నాను. మొదట తొంభై వచ్చింది. తర్వాత లెక్క పైకి పోయింది, నేర్చుకున్నట్టే నలభై పెట్టాను, పోయింది. మళ్ళీ నలభై పెడితే అదీ పోయింది. ముక్కలు కలిపి కొత్తగా పంచారు. లెక్క బాగున్నప్పుడల్లా పెద్ద పందేలు పోతున్నాయి, బాగా లేనప్పుడు పదులు వస్తున్నాయి. శనగలతో కూడా ఇలాంటి రోజులున్నాయి. అప్పుడు ఇంకో శుక్రవారం ఆడేవాళ్ళం. మూడు దాటాక వచ్చే అసరు నమాజు పిలుపు వినబడేసరికి ఆరు వందల ఎనభై మిగిలింది. కొట్టువాడికి సాయంత్రమే కట్టాలి. నాకు ఇంకో శుక్రవారం లేదు.

అప్పుడు వంద పెట్టాను. పోయింది. రెండు వందలు పెట్టాను.

"ఏంది కాకా, పదులు పెట్టెటోనివి వందలు వెడ్తున్నవ్. లాటరీ దాకిందా?" అన్నాడు క్రేన్ ఆపరేటర్.

"నువ్వు పంచు" అన్నాను. అదీ పోయింది.

మూడు వందల ఎనభై మిగిలింది. లెక్క ఆ రోజు మొత్తంలో ఎప్పుడూ లేనంత పైనుంది. ఉన్నదంతా నెట్టాను. నాకు రాజు, రాణి వచ్చాయి, ఇరవై. వాడి ముందు ఆరు కనబడుతోంది. మూసిన ముక్క తిప్పాడు, పది. పదహారు. పదిహేడు లోపుంటే పంచేవాడు ఇంకొకటి తియ్యాలి. నన్ను ఓడించాలంటే అయిదు రావాలి. ఎనిమిది అయిదుల్లో ఏడు పడిపోయాయి, ఏది ఎవరి ముందు పడిందో కూడా చెప్పగలను. కట్టలో ఒకే ఒక్క అయిదు ఉంది. అది వచ్చింది.

"నీది పెద్ద తలకాయే కాకా. గానీ ముక్కకు నీ తలకాయ కనవడది గద" అన్నాడు, డబ్బు దగ్గరికి లాక్కుంటూ. తిట్టలేదు, ఎగతాళీ చెయ్యలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

గదికి వచ్చి చెప్పాను. దాచుదామని అనిపించలేదు, దాచడానికి వేళా లేదు. మాలో అందరికంటే పెద్దవాడు, ప్లంబర్, గోడకు ఒరిగి కూర్చున్నాడు.

"ఎవడెంత ఇచ్చిండో చెప్తవు గద కాకా. ఎట్ల వోయిందో గూడ చెప్పు" అన్నాడు.

మొదటి ముక్క నుంచి చివరి అయిదు దాకా చెప్పాను. ఏదీ వదల్లేదు. ఎనిమిది మంచాల గదిలో ఒక్కరూ ఊ కొట్టలేదు. అందరూ మేలుకునే ఉన్నారు.

ఆ సాయంత్రం తలా ఇంత వేసి కొట్టువాడికి కట్టారు. నేను నాలుగు నెలల్లో తీర్చాను. తర్వాత టైమ్ కీపర్‌కు చెప్పాను.

"మీ లెక్క తప్పలేదండీ. మూట మీది కాదు, అంతే."

"వెయ్యి లేనోడు ఏం జెయ్యాలె సారూ?"

"ఆడకూడదండీ."

వెయ్యి ఉన్నవాడు ఓడినా రేపు మళ్ళీ కూర్చుంటాడు, లెక్క వాడికి ఫలిస్తుంది. లేనివాడికి అదే లెక్క, అదే తెలివి, ఎందుకూ పనికిరాదు. ఇది నాకు నేర్పడానికి అన్ని శనగలు నానబెట్టడం ఎందుకని ఆ రోజు ఆయన మీద కోపం వచ్చింది. ఆయన మొదటి రోజే చెప్పాడని నాకు బాగా తెలుసు.

ఇప్పుడు డబ్బా ప్లంబర్ మంచం కింద ఉంటుంది, చిన్న తాళంతో. పక్కనే నోటుబుక్కు. మొన్న నేను నూట ఇరవై ఇస్తే అతను వంద రాశాడు. రెండు పది నోట్లు జారి కింద పడ్డాయి, తీసి డబ్బాలో వేశాడు, పుస్తకంలో ఎక్కించడం మరిచాడు. నాకు గుర్తుంది. నెలాఖరులో పుస్తకం చూసి, "కాకా, నీది ఇరవై తక్కువున్నది" అన్నాడు.

జేబులోంచి ఇంకో ఇరవై తీసి ఇచ్చాను.