క్రియాటిన్ లేని గ్రాఫు

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎమ్మారై విభాగానికి నన్ను అధిపతిగా వేశారు. రేడియాలజిస్టుగా అదే నా ఆఖరి ఉద్యోగం.

ఆ వేసవిలో దగ్గర్లోని పద్మనాభం అనే ఊరి నుంచి నాలుగేళ్ల పాపను తీసుకొచ్చారు. మాట లేదు, నడక నిలకడగా లేదు, రోజూ ఫిట్స్. పాత స్కాన్లలో మెదడు ఆకారం మామూలుగానే ఉంది. అందుకని పిల్లల న్యూరాలజిస్టు ఈసారి స్పెక్ట్రోస్కోపీ కూడా అడిగారు. ఎమ్మారై మెదడు బొమ్మ తీస్తే, ఇది మెదడులోని రసాయనాలను గ్రాఫుగా గీస్తుంది. ఒక్కో రసాయనానికి ఒక్కో శిఖరం.

పాప తల్లి అప్పటికి నిండు గర్భిణి. పాపకు మత్తు ఇస్తుంటే నన్ను తలుపు దగ్గర ఆపింది. “డాట్రుబాబూ, దీనికెలాగూ ఇలా అయిపోనాది. కడుపులోదానికీ ఇలాగే అవుతాదేటి? నాకది సెప్పండి సాలు.” ముందు ఈ స్కాన్ చూడనివ్వమని, లోపలికి వెళ్లాను.

గ్రాఫు కింద అంకెలు అర్థంపర్థం లేనంత పెద్దవిగా వచ్చాయి. మా టెక్నీషియన్ అప్పారావుది కంచరపాలెం. “సార్, మిషను పోయినట్టుంది. ఇంజినీరుకి ఫోన్ సేసెయ్యమంటారా?” అన్నాడు. అతని అనుమానం సబబే. మెదడు కణాలకు శక్తి అందించే క్రియాటిన్ దాదాపు స్థిరంగా ఉంటుంది కాబట్టి, మిగతా రసాయనాలను దానితో పోల్చే, అంటే దానితో భాగించే లెక్కకడతాం. దాన్ని విడిగా ఎవరూ పట్టించుకోరు. అంకెలు వదిలేసి గ్రాఫు చూశాను. క్రియాటిన్ శిఖరం ఉండాల్సిన చోట గీత చదునుగా పోతోంది. భాగించాల్సింది దాదాపు సున్నా కావడంతోనే అంకెలు అలా ఉబ్బిపోయాయి.

ఇంజినీరు కోసం ఆగితే వారం పడుతుంది, పైగా పాపకు మళ్లీ మత్తు ఇవ్వాలి. ఆ ఆలోచనకే నాకు ఒళ్లు మండింది. పాపను బయటకు తీయించి, అప్పారావునే మిషన్లో పడుకోమన్నాను.

“నన్నా సార్? నా బుర్రలో ఏటుంటాదండీ?” అంటూనే జేబులు ఖాళీ చేసి పడుకున్నాడు. అతని క్రియాటిన్ నిక్షేపంగా ఉంది. మిషన్ బాగానే ఉంది, లోటు పాప మెదడులోనే.

మూత్ర పరీక్ష, జన్యు పరీక్ష అదే ఖాయం చేశాయి. శరీరం క్రియాటిన్‌ను తయారు చేసుకోలేని అరుదైన పుట్టు లోపమది. క్రియాటిన్ పొడి, దానితోపాటు ప్రత్యేక ఆహారం మొదలుపెట్టారు. ఫిట్స్ బాగా తగ్గాయి, నడక కుదుటపడింది. మాట మాత్రం రాలేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

తర్వాత పుట్టిన తమ్ముడికీ అదే లోపం ఉంది. కాకపోతే ఎక్కడ వెతకాలో తెలుసు కాబట్టి వాడికి పుట్టగానే పరీక్ష చేసి మందు మొదలుపెట్టారు. నేను రిటైరయ్యే ముందు తల్లి ఇద్దరినీ తీసుకొచ్చింది. వరండాలో వాడి గోల వినలేకపోయాం. “అక్క వంతు కూడా ఈడే మాటాడేత్తన్నాడు డాట్రుబాబూ” అంది.

దేనితో పోల్చి కొలుస్తున్నామో దాన్ని ముందు చూడాలని ఆ కేసు నేర్పింది. ఆ తర్వాత చేరిన కుర్ర డాక్టర్లకు అంకెల మీద చెయ్యి అడ్డంపెట్టి, శిఖరాలు చూసి చెప్పమనేవాణ్ని.