నేను వెళ్ళని కంపేచే

మొన్న ఆదివారం జురాంగ్ వెస్ట్‌లోని మా ఫ్లాట్‌లో మనవరాలు బడి ప్రాజెక్టు కోసం కోటగోడలున్న తీరపట్టణాల బొమ్మలు వెతుకుతూ, మెక్సికోలోని కంపేచే దగ్గర ఆగింది. ఆ పేరు వినగానే నేను ఉత్సాహంగా సర్దుకుని కూర్చుని ఊరి చరిత్ర ఎత్తుకోబోతే, అది ఫోను తీసి, "చిన్నతాతని అడుగుతాలే, యూ నెవర్ గో వాట్" అంది. నేనెప్పుడూ ఆ ఊరు వెళ్ళలేదని పిల్ల అన్నది నిజమే గానీ, ఇన్నేళ్ళ తర్వాత కూడా నా కడుపు భగ్గున మండింది.

ఆ చిన్నతాత నా తోడల్లుడు, మా ఆవిడ చెల్లెలి భర్త. నేను కాకినాడ నుంచి ఈ దేశానికి వచ్చినవాణ్ణి, అతను పక్కనున్న మలేసియాలో పుట్టి పెరిగిన తెలుగువాడు. ఇద్దరం తువాస్‌లో ఒకే షిప్‌యార్డులో పనిచేసేవాళ్ళం. మా యార్డులో తయారైన చమురు రిగ్గును మెక్సికో సింధుశాఖలో అప్పగించి, మూడు నెలలు కంపేచేలో ఉండి రావడానికి నన్ను ఎంచినప్పుడు నా కాళ్ళు నేలమీద నిలవలేదు.

గ్రంథాలయంలో దొరికిన పుస్తకమల్లా తిరగేశాను. యుకటాన్ ద్వీపకల్పానికి పడమటి ఒడ్డున ఉన్న రాష్ట్ర రాజధాని అది, కాబట్టి అక్కడ సూర్యుడు సముద్రంలోనే అస్తమిస్తాడు. ఒకప్పటి మాయా జనుల ఊరు, తర్వాత స్పెయినువాళ్ళ రేవు. బట్టలకు వేసే రంగు తీసే చెక్కను ఓడలకెక్కించే ఆ రేవును సముద్రపు దొంగలు పదేపదే దోచుకుంటే, చివరికి ఊరి చుట్టూ గోడ కట్టి, ఎనిమిది బురుజులు లేపి, సముద్రానికొకటి, నేలకొకటి పెద్ద ద్వారాలు పెట్టారట. తర్వాతి కాలంలో సముద్రాన్ని పూడ్చేయడంతో సముద్ర ద్వారం పొడినేల మీద మిగిలిపోయిందని చదివి నవ్వుకున్నాను, మా యార్డు నిలబడిందీ పూడ్చిన సముద్రం మీదే కదా. బురుజు బురుజుకీ పేరు రాసి నా చేత్తో పటం గీసుకున్నాను.

తీరా చూస్తే ప్రయాణం అమావాస్య నాడు పడింది. "అమావాస్య పూట గడప దాటుతారా, ఒక్కరోజు ఆగితే కొంపలేం మునగవు" అని మా ఆవిడ పట్టుబట్టింది, నాకూ లోపల బెదురుగానే ఉంది. వెళ్ళి ఒక్కరోజు గడువడిగితే మా తమిళ సూపర్‌వైజరు విస్తుపోయాడు. వాళ్ళకు అమావాస్య మంచిరోజు. తమిళుల మధ్య పెరిగిన నా తోడల్లుడికీ అంతే. సాయంత్రానికి టికెట్టు అతని పేరు మీదికి మారిపోయింది. వెళ్ళే ముందు ఇంటికొచ్చి, "ఆ పటం ఇస్తావా అన్నా?" అని అడిగాడు. ఎక్కడో పోయిందన్నాను. అది నా చొక్కాల కింద భద్రంగా ఉంది.

అతను తిరిగొచ్చాక ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ పుట్టినరోజుకు వెళ్ళినా కంపేచే కబుర్లే. రంగురంగుల ఇళ్ళ వరసలూ, సాయంకాలం సముద్రపు కట్ట మీద షికారూ అతను వర్ణిస్తుంటే నా చేతిలో పాయసం చేదెక్కేది. ఒక గృహప్రవేశంలో అతను సముద్రం మీద సూర్యోదయం చూశానని చెబితే నేను అందరి ముందూ లేచి, ఆ ఊళ్ళో సముద్రం పడమర ఉంటుందని ఖండించాను. అతను చిన్నబుచ్చుకోకుండా, "అన్నకే బాగా తెలుసులే" అన్నాడు. ఆ మంచితనం నన్ను మరింత ఉడికించింది.

ఆదివారం ఫోను ఎత్తిన మా మరదలు ఇంటికే రమ్మంటే, నిన్న మనవరాల్ని తీసుకుని టోవా పాయోలోని తోడల్లుడి ఫ్లాట్‌కు వెళ్ళాను. అది నోటు పుస్తకం తెరిచి ప్రశ్నలడిగింది. అతను, "ఏ ఊరమ్మా?" అన్నాడు. ఏడాదిగా ఇలాగే మరిచిపోతున్నాడని మా మరదలు మెల్లగా చెప్పింది. ఇంతలో అతను నా వైపు తిరిగి, "నువ్వు చెప్పన్నా, నువ్వే కదా వెళ్ళింది" అన్నాడు.

వెళ్ళొచ్చినవాడిలాగే సర్దుకుని కూర్చున్నాను. గోడలూ, ద్వారాలూ, దొంగలూ అన్నీ చెప్పాను. అతను చిన్నపిల్లాడిలా విని, "అదృష్టవంతుడివన్నా, నాకా యోగం లేకపోయింది" అని నిట్టూర్చాడు. ఈ రోజుల్లో ఫోనులో ఏ ఊరి వీధైనా తిరిగి రావచ్చు, ఎవరు ఎక్కడికెళ్ళినా ఎవరికీ కుళ్ళు పుట్టదు. అన్నేళ్ళు నేను కోరుకున్న ఊరు నిన్న మధ్యాహ్నం నాదైపోయింది. కుళ్ళుకోవడానికి మాత్రం నాకు ఎవరూ మిగల్లేదు.