రొయ్యల గుంట మీద మూడో ఆల్బం

సంజీవరావుకి లోకంలో చాలా వాటి మీద వెగటు. ‘ఒక సినిమా పాట కొట్టండి సార్’ అనేవాళ్లంటే వెగటు. ‘జాజ్ అంటే ఏంది సార్, బ్యాండు మేళమా?’ అని అడిగేవాళ్లంటే ఇంకా వెగటు. మూలాపేటలో పుట్టి, చర్చి పియానో మీద వేళ్లు తిప్పడం నేర్చుకుని, మద్రాసు హోటళ్లలో తినేవాళ్ల వీపులు చూస్తూ జీవితమంతా జాజ్ వాయించాడాయన. ఆయన పాటకి చేతిలో చెంచా ఆపినవాడు ఒక్కడూ లేడు.

ఆల్బంలు మూడు చేశాడు. మొదటిది ఎల్పీ రికార్డు. కంపెనీవాడు అట్ట మీద ఈతదుస్తుల అమ్మాయి బొమ్మ వేసి, పియానో వాయించిన వాడి పేరు వెయ్యడం మర్చిపోయాడు. రెండోది క్యాసెట్. కొన్నవాళ్లు దాని మీద సినిమా పాటలు ఎక్కించుకున్నారు. సొంత అక్క కూడా ఎక్కించుకుని, టేపు చాలా మంచిదిరా అని మెచ్చుకుంది. మూడోది సీడీ, పేరు ‘మైపాడు రోడ్డు’. పెళ్లయిన కొత్తలో భార్య రేవతిని స్కూటరు మీద సముద్రానికి తీసుకెళ్లిన సాయంత్రం తట్టిన బాణీ అది. దాన్ని ఎన్నడూ కాగితం మీద పెట్టలేదు. వేళ్లలో ఉందిగా అనుకున్నాడు.

నిరుడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. రేవతి అంతకు ముందే పోయింది. ఇంట్లో ఉన్న ఒక్క సీడీ చెన్నై వరదల్లో కొట్టుకుపోయింది. అమ్ముడుపోని డిస్కుల పెట్టెని మాత్రం రేవతి విడవలూరులో తన తమ్ముడు హజరత్తయ్య ఇంట్లో పెట్టించింది. ఆ బాణీ ఇంకా ఎక్కడైనా బతికుంటే ఆ పెట్టెలోనే ఉండాలి. చచ్చేలోగా ఒక్కసారి దాన్ని వినాలని సంజీవరావు బస్సెక్కాడు.

హజరత్తయ్య ఇంట్లో లేడు, రొయ్యల గుంట దగ్గరున్నాడు. ఆటో దిగి గట్టెక్కగానే సంజీవరావు కళ్లు జిగేలుమన్నాయి. గుంట మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తీగలు కట్టి, వాటికి డిస్కులు వేలాడదీశారు. గాలికి గిరగిరా తిరుగుతున్నాయి.

“పిట్టలకు బావా,” అన్నాడు హజరత్తయ్య సంబరంగా. “ఎండకు తళతళా మెరస్తా ఉంటే ఒక్క నీటికాకి దిగితే ఒట్టు. అక్క పెట్టిపోయిన పెట్టె ఎంత పనికొచ్చిందో చూడు. మధ్యన తూటు కూడా కంపెనీవాళ్లే పెట్టినారు, దారం కట్టేదానికి.”

“అవి నా పాటలురా.”

“తెలుసు బావా. నీ పాటకు మనుషులే లేచిపోయినారు, పిట్టలు పోవా?” అని పకపకా నవ్వాడు. ఎగతాళి కూడా కాదు, నిజంగానే మెచ్చుకుంటున్నాడు.

ఆయన బొమ్మ అచ్చేసిన వైపు లోపలికి, మెరిసే వైపు బయటికి వచ్చేట్టు రెండేసి డిస్కుల్ని కలిపి కట్టారు. అంటే ప్రతి జంటలోనూ ఆయన మొహం ఆయన మొహానికే ఆనుకుని ఉంది. ఒక జంటని ఎడంచేత్తో లాగి చూశాడు. కొంగ రెట్ట, ఉప్పు, ఇసుక గీతలు, చచ్చిన రొయ్యల కంపు. లుంగీ అంచుతో తుడిచిన కొద్దీ అలుక్కుపోయింది. ఛీ, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు. పాడు లోకం!

“పెట్టెలో ఏమన్నా మిగిలినాయా?”

“లేదే, రెండో గుంటకు కూడా చాల్లేదు.”

షెడ్డులో పాత డీవీడీ ప్లేయరుంది. ఉన్నవాటిలో కాస్త నయంగా ఉన్న డిస్కుని కడిగి అందులో పెట్టించాడు. గరగరమని, ఆగి, మళ్లీ గరగరమని, ఉన్నట్టుండి పియానో పలికింది. తన కుడిచెయ్యి! మైపాడు రోడ్డు మొదటి మలుపు, నాలుగు స్వరాలు. సంజీవరావు ఊపిరి బిగబట్టాడు.

డిస్కు అక్కడే ఇరుక్కుంది. ఆ నాలుగు స్వరాలే మళ్లీ వచ్చాయి. మళ్లీ అవే.

హజరత్తయ్య తల ఊపడం మొదలుపెట్టాడు. మేత బస్తా మీద వేళ్లతో దరువు కూడా వేస్తున్నాడు. “ఇది బాగుండాది బావా! అప్పుడే ఇట్టా వాయించి ఉంటే ఎంత పేరొచ్చేది నీకు!”

ఆయన వాయించినదానికి ఈ జన్మలో దక్కిన మొదటి మెప్పు ఇది. సంజీవరావుకి ఒళ్లంతా జుగుప్స కలిగింది. వీడికేం తెలుసు, అయిదో స్వరం పడితే కదా పాట! అది వీడికి చూపిద్దామని, బల్లనే పియానో అనుకుని ఎడంచెయ్యి ఎత్తాడు. ప్లేయరు నాలుగూ పలికింది. వేలు గాలిలోనే ఆగింది. మళ్లీ నాలుగూ పలికింది.

తర్వాత ఏముందో ఆయనకి గుర్తు రాలేదు. కళ్లు మూసుకున్నాడు. స్కూటరు గుర్తొచ్చింది, రేవతి కొంగు గుర్తొచ్చింది. స్వరం మాత్రం రాలేదు. ఇంతకాలం ఊరందరినీ అసహ్యించుకున్నవాడికి మొదటిసారి తన మీద తనకే అసహ్యం వేసింది.

“ఆపెయ్యమంటావా బావా?” అన్నాడు హజరత్తయ్య.

“ఉండనియ్యి,” అన్నాడు సంజీవరావు, వేలు దించకుండా.