సాంచ నడిస్తే ఇస్తనన్న పుంజు

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటరు. బాలకిషన్‌కు సొంతానికి రెండు సాంచలుండె. నూలు ధర పెరిగి, నేసిన బట్ట అడిగే దిక్కులేక, గల్లీ గల్లీకి చప్పుడు తగ్గుతూ వచ్చిన కాలంల అవి కూడ ఆగినయి. ఆగిననాడే ఆయన భార్య సత్యవ్వ ఇంట్ల పెరిగిన ఎర్రపుంజు కాలికి పసుపుగుడ్డ కట్టి పోచమ్మకు మొక్కింది.

"తల్లీ, మా సాంచ మళ్ళ నడువాలె. నడిచిన్నాడు ఈ పుంజు నీది."

ఇంక ఆ పుంజు జోలికి ఎవ్వరు పోలేదు. చుట్టాలొస్తే పప్పు వండిపెట్టింది గాని దాని దిక్కు చూడలేదు. నల్లపెట్టను తోడేసుకొని అది ఇల్లంతా తిరిగేది. సత్యవ్వ అన్నానికి కూసుంటే వచ్చి పళ్లెం అంచు పొడిచేది.

సాంచ నడువలేదు. బొంబాయి దగ్గర బివండిల సాంచల మీద పని ఉన్నదని కబురొచ్చింది. సామాను కడుతుంటే పక్కింటి సాయమ్మ అడిగింది.

"కోళ్లను నాకాడ ఇడిసిపో సత్తెవ్వా, పానం లెక్క చూసుకుంట."

"నీ అల్లుడొచ్చిన్నాడు మా మొక్కు నీకు యాదికుంటదా అత్తా?"

సాయమ్మ నవ్వింది. ఉంటదని మాత్రం అనలేదు.

బయలుదేరే ముందు దినం సత్యవ్వ కథలాపూర్‌ల తల్లిగారింటికి చెప్పిరాను పోయింది. మాపటికి తిరిగొచ్చేసరికి బాలకిషన్ షెడ్డుకు తాళమేసి, తాళంచెవి ఆమె చేతిల పెట్టిండు. ఆమె దాన్ని కొంగుకు ముడేసుకొని కోళ్ల పనిల పడ్డది. కడుపునిండ తింటే బస్సు కుదుపుకు ఆగమైతయని గింజలు తక్కువేసింది. కాళ్లు కడితే నెత్తురాడక కుంటివైతయని కట్టలేదు. వెదురుగంపల వరిగడ్డి పరిచింది. నీళ్లు పెడితే గడ్డి తడుస్తదని దోసకాయ ముక్కలు మూటగట్టింది. గంప మూతికి మాత్రం తమ సాంచ మీద ఆఖర్న దిగిన పల్చటి బట్ట కట్టింది. గాలి ఆడుతది, బయటిది కనపడక అవి బెదరవు.

కోరుట్లల బొంబాయి బస్సు ఎక్కేకాడ క్లీనర్ గంప పట్టుకున్నడు.

"కోళ్లు పైకి."

"పైన ఎండకు సస్తయి కొడుకా."

"సస్తే ఏమాయె? దిగంగనే వండుకుందువు, మసాలా నేను తెస్త."

బస్సంత నవ్విండ్రు. ఎవలేమన్నా తలొంచుకొని పోయే బాలకిషన్ అప్పుడు లేచిండు. "అది దేవుని పుంజురా! పైన కట్టాల్నంటే నన్ను గూడ దానెంట కట్టు."

క్లీనర్ గంప ఇడిసిపెట్టిండు. బాలకిషన్ దాన్ని ఒళ్లె పెట్టుకున్నడు. బస్సు ఆగినకాడల్ల దిగి, నీడకు తీసుకపోయి, బట్ట కొంచెం లేపి, దోసముక్కలు తన చేత్తోని తినిపించిండు.

"తొడలు తిమ్మిరెక్కుతయి, ఇటియ్యరాదు," అన్నది సత్యవ్వ. ఆయన ఇయ్యలేదు.

ఇన్నేండ్ల కాపురంల ఆయన మీద అంత ప్రేమ, అంత పావురం ఆమెకు ఎప్పుడు పుట్టలేదు. "మళ్ళ ఇట్లనే గంపల పెట్టుకొని వస్తమయ్యా, సూడు," అన్నది. ఆయన కిటికీ దిక్కు తిరిగిండు.

కోళ్లు రెండూ ఈక రాలకుంట బివండి చేరినయి.

అక్కడ ఒక్క అర్రల మూడు కాపురాలు. రాత్రి పాళి చేసేటోళ్లు పగలు పండుకునేది. పక్కనున్న కార్ఖానల లైట్లు ఎన్నడూ ఆరవు. పుంజుకు తెల్లారుడు ఏదో తెలువక ఎప్పుడువడితే అప్పుడు కూసేది.

"బావా, మీ పుంజుకు పొద్దు తెలువది, నాకు నిద్ర తెలువది," అన్నడు రాత్రి పాళి పెంటయ్య. "పని దొరికె గదా, మొక్కు తీర్చుకోరాదుండ్రి?"

సత్యవ్వ లోపట్నుంచే జవాబిచ్చింది. "నేనడిగింది నా సాంచ నడువాలని. సేటు సాంచ కాదు. పోచమ్మకు ఆ తేడా తెల్వదా?"

ఎవరెంత గునిసినా ఆమె ఆ మాట మీదనే నిలబడ్డది. పుంజు కూసినప్పుడల్ల ఆమె చెయ్యి కొంగుముడి మీదికి పోయేది. బాలకిషన్ మాత్రం అటూ అనకపోయేది, ఇటూ అనకపోయేది.

చలికాలం మొదట్ల సిరిసిల్ల నుంచి వాళ్ల గల్లీ యాదగిరి పని వెతుక్కుంట వచ్చిండు. అన్నం పెడుతుంటే ఊరి ముచ్చట్లు చెప్పిండు.

"నీ షెడ్డుకు వేరే తాళమేసుకొని ఇప్పుడు ఎరువు బస్తాలు పెడుతున్నరు బావా. ముందుగాల్నే సాంచలను పాతినుము కింద అమ్మి మంచి పని జేసినవ్. మా సాంచలు గిప్పుడు ఇనుము లెక్కన గూడ ఎవ్వడు కొంటలేడు."

సత్యవ్వ చేతిల గరిటె ఆగింది. "ఎప్పుడమ్మిండు?"

"నీకెరుకలేదా అక్కా? మీరు బస్సెక్కే ముందు దినమే లారొచ్చె గదా."

యాదగిరి తిన్నది చెయ్యి కడుక్కొని జల్ది బయటికి పోయిండు. సత్యవ్వ మొగని ఎదురుంగ కూసున్నది.

"మరి గంపను గంత దూరం ఒళ్లె ఎందుకు మోసినవయ్యా?"

బాలకిషన్ అన్నడు, "అదన్న బతుకుతదని."

ఆమె లేచి పుంజును పట్టుకున్నది. ఎప్పటోలె అది ఆమె చేతిల ఒదిగింది. కాలి పసుపుగుడ్డ విప్పి పొయ్యిల ఏసి, పెంటయ్యను లేపింది.

"కత్తి తే, అన్నా."

పెంటయ్య కండ్లు నలుపుకున్నడు. "మొక్కు తీరుస్తున్నవా సత్తెవ్వా? కుంకుమ తేవాల్నా?"

"కుంకుమ ఎందుకు? ఇది ఉత్త కోడి."

ఆ మాపు అర్రల ఉన్న అందరికి వడ్డించింది. బాలకిషన్ పళ్లెంల తొడముక్క ఏసింది. ఆయన చెయ్యి పెట్టలేదు.

"తిను," అన్నది. "మోసుకొచ్చినవ్ గదా."

ఆయన తినేదాక ఆమె అక్కణ్ణుంచి లేవలేదు.