కబురందని వేరుశనగ చెట్లు

శ్రావణ మాసం మూడో మంగళవారం, పొద్దున ఏడున్నర గంటలు. ఆ రోజుల్లో నాకు అక్షరం ముక్క రాదు గానీ, వేరుశనగ చెట్టు మొహం చూసి దాని రోగం చెప్పగలనని మాత్రం చెడ్డ పొగరు ఉండేది. (పొగరు ఇప్పటికీ ఉంది. అక్షరాలు ఆలస్యంగా వచ్చి దాని పక్కన కూర్చున్నాయి, అంతే.) అనంతపురం బయట ఒక పరిశోధన క్షేత్రంలో కూలికి పోయేదాన్ని. ముప్పై ఏళ్ళ వయసు, చేతికి తొందర ఎక్కువ. ఆ పొద్దు మేస్త్రి మామ నన్నూ మా వదిననూ పిలిచి, వల కట్టిన మడిలో కలుపు తీయమని పంపాడు. అంతకు ముందు మేమెప్పుడూ ఆ వలలోకి పోయింది లేదు.

ఆ మడి ఒక చదువుల పిల్లది. కంబదూరు వైపు రైతు బిడ్డ, పెద్ద చదువు పట్టా కోసం రెండేళ్ళుగా అక్కడే పడి ఉండేది. లోపలికి పోయి చూస్తే, ఏపుగా ఉన్న చెట్ల నడుమ అక్కడక్కడ పద్దెనిమిది పొట్టి చెట్లు! బెత్తెడు ఎత్తు, ముడుచుకున్న ఆకులు. మా చేలలో అలాంటిది కనబడితే తెగులని అర్థం. వెంటనే పీకి, గట్టు మీద వేసి కాల్చాలి, లేకుంటే చేనంతా పాకుతుంది. మా నాయన నేర్పిన పని అది.

"చీటీలు కట్టినారు కదమే, అడిగి పీకుదామా?" అంది వదిన.

"చీటీ కడితే రోగం పోతాదా?" అన్నాను. పద్దెనిమిదీ పీకేశాను. పీకిన వరసలోనే గట్టు మీద పరిచాను. చీటీలు మాత్రం విప్పి, మళ్ళీ పనికొస్తాయని ఒకదాని మీద ఒకటి పేర్చి రాయి పెట్టాను. (నా పొదుపు చూసి మెచ్చుకుంటారనుకున్నాను.)

బోరు మోటారు చూసే పంపు భాయ్‌ని నేను అగ్గిపెట్టె అడుగుతుండగా ఆ పిల్ల వచ్చింది.

"అక్కా, ఈడుండే పొట్టి చెట్లు యాడికి పోయినాయి?"

"పీకినా. తెగులమ్మా. ఇంగ కాల్చేది ఉండాది, అంతే."

పిల్ల గట్టు మీద కూలబడింది. తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ నాలుగు అని ఉండేదాన్ని, సరిపోయేది. "అవి రోగం చెట్లు కాదక్కా. నా రెండేళ్ళ పని అవే. వాటి విత్తనం చేతికి రాకపోతే మళ్ళీ మొదటి నుంచి చేయల్ల. ఇంటికాడ ఇంగ చదివియ్యరు" అంది.

"పొట్టి చెట్లతో ఏం పనమ్మా?"

చెప్పింది. చెట్టులో ఎదుగుదల మందు ఒకటి దానంతట అదే పుడుతుందట. ఒక్కో కణం వాకిట్లో ఒక ప్రోటీను కూర్చుని, ఆ మందు తెచ్చిన కబురు అందుకుంటుందట. అది లోపలి ప్రోటీనుకు, అది ఇంకోదానికి చెప్పి, కబురు నడిమధ్యకు చేరితేనే కణం సాగి చెట్టు ఎదుగుతుందట. (ప్రోటీనంటే పప్పులో ఉంటుందని నర్సమ్మ చెప్పింది గానీ, అది కబుర్లు మోస్తుందని చెప్పలేదు.)

"మా కూలి పిలుపు మాదిరా? మేస్త్రి మామ మొదటింటికాడ కేకేస్తే, ఆమె గోడమీంచి పక్కింటికి, ఆ ఇంటామె ఇంకో ఇంటికి?"

పిల్ల కళ్ళు తుడుచుకుంది. "అంతేనక్కా. ఈ చెట్లల్లో మొదటింటామెకు చెవుడు. మందు ఎంత చల్లినా వినదు. ఆ చెవుడు ఎందుకొచ్చిందో కనుక్కునేకే ఇన్ని తిప్పలు."

అప్పుడు అర్థమైంది నేనేం చేశానో. "లెయ్యమ్మా, ఏడుస్తా కూసుంటే వేర్లు ఎండుతాయి, మళ్ళా నాటుదాం. భాయ్, మోటారెయ్!" అన్నాను. క్షేత్రానికి కాపలా ఉండే గేటు తాత తడి గోనెసంచులు మోసుకొచ్చాడు. మేస్త్రి మామ అరుచుకుంటూ వచ్చాడు. "ఎవరు పీకమన్యారు నిన్ను?"

"ఎవరూ అన్లేదు మామా. తర్వాత తిడుదువు, ముందు ఈ బిందె పట్టు."

నాటడం సరే, ఏ చీటీ ఏ చెట్టుదని పిల్లకు మళ్ళీ దిగులు. అవి కలిసిపోతే చెట్లు బతికినా లాభం లేదట. చదువు రాని నాకు ఆ గీతలన్నీ బొమ్మలే. "కొడవలి వంపుది పైపు దగ్గరిది. రెండు చక్రాలది మూల చెట్టుది. కుక్క తోక మాదిరిది దాని పక్కది" అని పద్దెనిమిదీ అప్పజెప్పాను. పిల్ల తన పుస్తకంలో సరిచూసుకుంటూ, ఒక్కొక్కదానికీ "సరే, సరే" అంది. మేస్త్రి మామ తిట్టడం మరిచిపోయాడు.

వారం రోజులు ఆ చెట్లకు గోనె నీడ కట్టి కాపలా కాశాను. పదకొండు బతికాయి. కాయలు కాశాయి.

తర్వాత ఆ పిల్ల లావుపాటి పుస్తకం రాసి ఒక ప్రతి నాకు తెచ్చిచ్చింది. అంతా ఇంగ్లీషు, ఒక్క పేజీ తెలుగు.

"ఈ తెలుగు పేజీలో నేను పీకినట్టు రాసినావా?" అన్నాను.

"రాసినా. మళ్ళా నాటినట్టు గూడా రాసినా."

నలభై దాటాక అక్షరాలు నేర్చుకుని, వేలు పెట్టి కూడబలుక్కుంటూ ఆ పేజీ చదివాను. పీకిన సంగతి ఒక్క ముక్క లేదు. నా మొహం మీద ఎంత అబద్ధం ఆడింది! అగ్గిపెట్టె కోసం తిరిగిన ఆ ముప్పై ఏళ్ళ మనిషిని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, ముద్దూ వస్తుంది. ఆ పేజీలో ఉన్నవి సాయానికి దండాలు చెబుతూ రాసిన పేర్లే, ఆ రోజు వలలో ఉన్నవాళ్ళవి: మేస్త్రి మామ, పంపు భాయ్, గేటు తాత, మా వదిన, అందరికంటే పైన, నేను.